మఖ పక్కన దాగిన గెలాక్సీ



మన పల్నాడులో మఖ పేరు తెలియని రైతు ఉండడు. మఖ కార్తె, పుబ్బ కార్తె అంటూ పైర్లకు అదను లెక్కపెట్టుకుంటాం. అట్టే నిలవని దాన్ని "మఖలో పుట్టి పుబ్బలో మాడింది" అంటాం. కానీ ఆ మఖ నక్షత్రాన్ని ఆకాశంలో చూపించమంటే మనలో చాలామంది తెల్లమొగం వేస్తాం. దాన్ని ఆనుకొని ఒక గెలాక్సీ ఉందనీ, దాని సంగతి 1950 దాకా లోకంలో ఎవరికీ తెలియదనీ చెబితే ఆశ్చర్యపోతాం. ఆ గెలాక్సీని పెరట్లో నిలబెట్టిన చిన్న టెలిస్కోపుతో ఫొటో తీయవచ్చు. అది ఎలాగో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

మఖను గుర్తుపట్టడం ఎలా?

సూర్యుడు ఏ నక్షత్రం దగ్గర ఉంటే ఆ కార్తె పేరు ఆ నక్షత్రానిదే. ఆగస్టు రెండవ పక్షంలో సూర్యుడు మఖ దగ్గర ఉంటాడు. కాబట్టి మఖ కార్తెలో మఖ నక్షత్రం మనకు కనిపించదు. సూర్యునితో పాటే ఉదయించి, సూర్యునితో పాటే అస్తమిస్తుంది. దాన్ని చూడాలంటే ఆరు నెలలు ఆగాలి. ఫిబ్రవరి మూడవ వారంలో అది అర్ధరాత్రి దాటగానే నడినెత్తికి వస్తుంది. మార్చి 20 ప్రాంతంలో రాత్రి పదిన్నరకు, ఏప్రిల్ 20 ప్రాంతంలో ఎనిమిదిన్నరకు నడినెత్తిన ఉంటుంది. కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసి, రాత్రిళ్లు కాపలా పడుకునే రోజులవి.

ఆ సమయంలో తలెత్తి చూస్తే సింహరాశిలో ఒక కొడవలి ఆకారం కనిపిస్తుంది. ఆ కొడవలి పిడి చివర నీలి తెలుపు రంగులో మెరిసేదే మఖ. ఇంగ్లీషు పుస్తకాల్లో దాన్ని రెగ్యులస్ అంటారు. పిడుగురాళ్ల భూమధ్యరేఖకు సుమారు 16.5 డిగ్రీల ఉత్తరాన ఉంది. మఖ ఖగోళ మధ్యరేఖకు 12 డిగ్రీల ఉత్తరాన ఉంది. తేడా నాలుగున్నర డిగ్రీలే. అందుకే అది మనకు దాదాపు నడినెత్తి మీదుగా పోతుంది. యూరప్ దేశాల వారికి ఈ సౌకర్యం లేదు. నడినెత్తిన ఉన్న వస్తువు వెలుగు తక్కువ గాలిని దాటి మనకు చేరుతుంది కాబట్టి ఫొటో శుభ్రంగా వస్తుంది.

దాని పక్కన ఏముంది?

మఖకు ఉత్తరంగా, డిగ్రీలో మూడవ వంతు దూరంలో (పున్నమి చంద్రుని వెడల్పులో మూడింట రెండు వంతులు) లియో–1 అనే మరుగుజ్జు గెలాక్సీ ఉంది. అది మన పాలపుంతకు ఉపగ్రహం వంటిది. 1950లో రాబర్ట్ హారింగ్టన్, ఆల్బర్ట్ విల్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు, అమెరికాలోని పాలొమార్ కొండ మీద 48 అంగుళాల ష్మిట్ టెలిస్కోపుతో తీసిన గాజుపలకల ఫొటోలలో దాన్ని గుర్తించారు.

కంటికి పక్కపక్కనే ఉన్నట్లు కనిపించినా ఆ రెంటికీ సంబంధం లేదు. మఖ దూరం 79 కాంతి సంవత్సరాలు. గెలాక్సీ దూరం 8 లక్షల కాంతి సంవత్సరాలకు పైగా. (ఒక కాంతి సంవత్సరం అంటే 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు.) అంటే మఖ కన్నా గెలాక్సీ సుమారు పదివేల రెట్లు దూరం. ఈ రాత్రి మనం చూసే మఖ వెలుగు మన తాతల చిన్నతనంలో బయలుదేరింది. గెలాక్సీ వెలుగు బయలుదేరిన నాటికి భూమి మీద మన మానవజాతే ఇంకా పుట్టలేదు.

ఇలాంటిదే ఇంకొకటి దేవయాని రాశిలో ఉంది. మిరాక్ అనే నక్షత్రం పక్కన ఎన్.జి.సి. 404 అనే గెలాక్సీని విలియం హెర్షెల్ 1784లో కనుగొన్నాడు. నక్షత్రం వెలుగులో నీడలా కనబడీ కనబడకుండా ఉంటుంది కాబట్టి దానికి 'మిరాక్ దెయ్యం' అని ముద్దుపేరు.

ఎందుకు కనబడదు?

రాత్రిపూట హైవే మీద ఎదురుగా లారీ వస్తోందనుకోండి. హెడ్‌లైటు పక్కన ఎగిరే మిణుగురు పురుగు మనకు కనబడదు. మిణుగురు వెలుగు తగ్గిందా? లేదు. లారీ వెలుగు మన కంటినిండా పరుచుకుంది.

ప్రకాశాన్ని కొలవడానికి 'మాగ్నిట్యూడ్' అనే కొలత వాడతారు. అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. అయిదు అంకెల తేడా అంటే సరిగ్గా 100 రెట్ల తేడా. మఖ మాగ్నిట్యూడ్ 1.4. లియో–1 ది సుమారు 11. దాదాపు పది అంకెల తేడా. అంటే 100 × 100 = 10,000 రెట్ల వరకు తేడా అన్నమాట. పైగా మఖ వెలుగంతా ఒక చుక్కలో ఉంటే, గెలాక్సీ వెలుగు మసక మరకలా పరుచుకొని ఉంటుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. గాలిలోని దుమ్ము, తేమ, కటకం మీది మరకలు, గొట్టం లోపలి మెరుపు – ఇవన్నీ నక్షత్రం వెలుగును చెదరగొట్టి దాని చుట్టూ వరదగుడిలాంటి వలయం కడతాయి. గెలాక్సీ సరిగ్గా ఆ వలయంలో చిక్కుకుంటుంది. ఇది చిన్న టెలిస్కోపుల బాధ మాత్రమే కాదు. రాత్రి ఆకాశంలోని నక్షత్రాలన్నిటికన్నా ప్రకాశవంతమైన సిరియస్ (మృగవ్యాధ రుద్రుడు) పక్కనే ఉన్న ఒక పెద్ద నక్షత్రగుచ్ఛం 2017 దాకా ఎవరి కంటా పడలేదు. గైయా అనే యూరప్ అంతరిక్ష టెలిస్కోపు సమాచారం నుండి అది బయటపడింది. పేరు గైయా–1.

ఫొటో తీసే విధానం

1. అమావాస్య దగ్గరి రాత్రిని ఎంచుకోవాలి. వెన్నెల ఉంటే శ్రమ వృథా.

2. భూమి తిరగడం వల్ల ఆకాశం గంటకు 15 డిగ్రీలు జరుగుతుంది. అందుకని టెలిస్కోపును ధ్రువ నక్షత్రం వైపు వాల్చిన ఇరుసు మీద మోటారుతో తిప్పాలి. మన ఊళ్లో ధ్రువ నక్షత్రం 16.5 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. ఇళ్లు, చెట్లు అడ్డం రాకుండా ఉత్తరం దిక్కు తెరిపిగా ఉన్న చోటు చూసుకోవాలి.

3. ఆరు లేక ఎనిమిది అంగుళాల అద్దం టెలిస్కోపు చాలు. అద్దాన్ని పట్టి ఉంచే కమ్మీల వల్ల నక్షత్రానికి నాలుగు వైపులా వెలుగు ముళ్లు వస్తాయి. గెలాక్సీ మఖకు నేరుగా ఉత్తరాన ఉంది కదా! ముల్లు ఉత్తరానికి పోతే గెలాక్సీ మీదుగా పోతుంది. గొట్టాన్ని దాని పట్టీలలో 45 డిగ్రీలు తిప్పితే ముళ్లు మూలలకు పోతాయి, గెలాక్సీ మధ్యలో మిగులుతుంది. కెమెరాను ఒక్కదాన్నే తిప్పితే లాభం లేదు.

4. గొట్టం లోపల మెరుపు లేని నల్లరంగు వేయాలి. ముందుభాగాన మంచు పడకుండా, పక్క వెలుగు రాకుండా నల్లని అట్టగొట్టం తొడగాలి.

5. ఒకే పొడవాటి ఫొటో తీయకూడదు. కెమెరాలోని ప్రతి గడి ఒక బిందె అనుకోండి. మఖ వెలుగు పడ్డ బిందె సెకనులోపే నిండి పొర్లుతుంది. కాబట్టి నిమిషానికి ఒకటి చొప్పున వందల ఫొటోలు తీసి, కంప్యూటరులో ఒకదానిపై ఒకటి పేర్చి కలపాలి.

6. మఖను ఫొటో అంచు అవతలకు జరపవచ్చు. 1,000 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల టెలిస్కోపులో మఖకూ గెలాక్సీకీ మధ్య దూరం కెమెరా పలక మీద సుమారు 5.8 మిల్లీమీటర్లు వస్తుంది. అయితే నక్షత్రం సరిగ్గా అంచు మీద పడితే అక్కడ తగిలి కొత్త మెరుపులు వస్తాయి. ఉంచితే పూర్తిగా లోపల ఉంచాలి, లేదా బాగా బయటికి పంపాలి.

వందల ఫొటోలు ఎందుకు?

ఒక లెక్క చూద్దాం. ఒక ఫొటోలో ఒక గడి మీద ఆకాశపు వెలుగు 10,000 కణాలు, గెలాక్సీ వెలుగు 20 కణాలు పడ్డాయనుకుందాం. ఆకాశపు వెలుగు నిలకడగా ఉండదు. దాని ఊగిసలాట దాని వర్గమూలమంత ఉంటుంది. 10,000కు వర్గమూలం 100. వంద ఊగిసలాటలో ఇరవై కనబడుతుందా? కనబడదు.

100 ఫొటోలు కలిపితే ఆకాశం 10,00,000, ఊగిసలాట 1,000. గెలాక్సీ 2,000. ఇప్పుడు రెట్టింపు పైచేయి! 400 ఫొటోలు కలిపితే గెలాక్సీ 8,000, ఊగిసలాట 2,000. నాలుగు రెట్లు. వెలుగు ఫొటోల సంఖ్యతో పెరుగుతుంది, ఊగిసలాట దాని వర్గమూలంతోనే పెరుగుతుంది. పదవ తరగతి లోపు నేర్చుకున్న వర్గమూలం ఎందుకు పనికొస్తుందని అడిగే తమ్ముళ్లకు ఇదే జవాబు.

మన తెలుగు నేల మీద

ఆకాశాన్ని చూడడం మనకు కొత్త కాదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంత వేధశాల నెలకొల్పారు. హైదరాబాదులో నవాబ్ జాఫర్ జంగ్ 1901లో పెట్టిన వేధశాల నిజామియా వేధశాలగా పేరు పొంది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందకు వచ్చింది. ఆకాశమంతటినీ ఫొటోలుగా తీయాలని 1887లో పారిస్‌లో వివిధ దేశాల శాస్త్రజ్ఞులు సంకల్పించిన పనిలో దక్షిణాన 17 నుండి 23 డిగ్రీల పట్టీ హైదరాబాదు వంతుకు వచ్చింది. 8 అంగుళాల ఫొటో టెలిస్కోపుతో, గాజుపలకల మీద, లక్షల నక్షత్రాల స్థానాలను అక్కడివారు కొలిచారు. గమనించండి, ఎనిమిది అంగుళాలే! ఈనాడు పెరట్లో పెట్టుకొనే టెలిస్కోపు కొలతే అది.

ఆ వేధశాలలో పనిచేసిన ఉద్యోగి కొడుకు వైను బప్పు. హైదరాబాదులో చదివి, హార్వర్డ్ వెళ్లి, 1949లో ఒక ఫొటో పలకను పరిశీలిస్తూ కొత్త తోకచుక్కను కనుగొన్నాడు. దానికి బప్పు–బోక్–న్యూకిర్క్ అని పేరు. కావలూరులోని 2.34 మీటర్ల టెలిస్కోపుకు ఆయన పేరే పెట్టారు.

మన ఊరి ఆకాశం

పిడుగురాళ్ల సున్నానికి పేరుపొందిన ఊరు. బట్టీలే ఎన్నో కుటుంబాలకు కూడు పెడుతున్నాయి. అయితే ఆ దుమ్ము, పొగ, వీధిలైట్ల వెలుగు కలిసి మన ఆకాశాన్ని తెల్లబరుస్తున్నాయి. పైన చెప్పిన లెక్కలో ఆకాశపు వెలుగు నాలుగింతలైతే, అదే ఫలితానికి ఫొటోలు కూడా నాలుగింతలు కావాలి. అంటే రెండు గంటల పని ఎనిమిది గంటలవుతుంది. పైకి కాకుండా కిందికి మాత్రమే వెలుగు పడేలా వీధిలైట్లకు మూతలు పెట్టడం పెద్ద ఖర్చు కాదు. ఆ దుమ్ము చేరేది మన ఊపిరితిత్తులకు కూడా. కాబట్టి ఆకాశం శుభ్రంగా ఉండాలని అడగడం ఆరోగ్యం కోసం అడగడమే.

మీరే చేసి చూడండి

టెలిస్కోపు, మోటారు, కెమెరా అన్నీ కలిపితే ఒక మోటారు సైకిలు ఖరీదు దాటుతుంది. హాస్టల్ విద్యార్థికి అది అందుబాటులో లేదన్న మాట నిజమే. కానీ పరికరం లేకుండా మొదలుపెట్టగలిగిన పనులున్నాయి.

• రెండు గాజుముక్కలు తీసుకోండి. ఒకదాన్ని శుభ్రంగా తుడవండి, రెండవదాని మీద సుద్దపొడి చల్లండి. వెలిగే బల్బు పక్కన గోడ మీద పెన్సిలుతో చిన్న గీత గీసి, రెండు గాజుల్లోంచి చూడండి. తర్వాత అరచేతితో బల్బును కప్పి చూడండి. వలయం ఎలా పుడుతుందో, ఎలా పోతుందో అర్థమవుతుంది.

• మార్చి, ఏప్రిల్ నెలల్లో డాబా ఎక్కి కొడవలిలోని నక్షత్రాలను లెక్కపెట్టండి. ప్రతి వారం నోటుపుస్తకంలో రాయండి. ఆకాశం మసకబారుతోందో లేదో మీ లెక్కే చెబుతుంది.

• పాలొమార్ పలకల ఫొటోలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. లియో–1 అని వెతికి, మఖ వలయం పక్కన మసక మరకను మీ కళ్లతో పట్టుకోండి.

మఖ పేరును మన పెద్దలు వేల ఏళ్లుగా తలుస్తూనే ఉన్నారు. దాని పక్కనున్న గెలాక్సీ బయటపడింది మాత్రం 1950లో. అది అంతకుముందు లేక కాదు, పక్కవాడి వెలుగులో దాన్ని ఎవరూ వెతకక. ఓపికగా, లెక్కగా వెతికేవారికి అలాంటివి ఇంకా మిగిలే ఉన్నాయి. ఆ వెతికేవారిలో మన హాస్టల్ పిల్లలు కూడా ఉండాలని కోరుకుంటున్నాను.