తెల్లమచ్చ అంటదు

లక్ష్మమ్మ కూతురు సరిత. వయసు 14 ఏళ్లు. 9వ తరగతి చదువుతోంది. ఒకరోజు సరిత బుగ్గ మీద చిన్న తెల్లమచ్చ కనిపించింది. రెండు నెలల్లో చేతివేళ్ల మీద కూడా మచ్చలు వచ్చాయి.

"చేపలు తిని పాలు తాగావా?" అని నాయనమ్మ కోప్పడింది. ఇరుగుపొరుగు "తెల్ల కుష్ఠు" అన్నారు. బడిలో పిల్లలు పక్కన కూర్చోలేదు. సరిత బడి మానేసింది.

లక్ష్మమ్మ ఏడుస్తూ ఆశా కార్యకర్త సుజాతను పిలుచుకొచ్చింది.

"ఏడవకు వదినా, ముందు చూడనీ" అంది సుజాత. సరితను కళ్లు మూసుకోమంది. మచ్చ మీద దూదితో తాకింది.

"తెలిసిందా అమ్మా?"

"తెలిసింది అత్తా."

"కుష్ఠు మచ్చకు స్పర్శ తగ్గుతుంది. దీనికి స్పర్శ ఉంది. అయినా డాక్టరుకు చూపిద్దాం. కుష్ఠు అయినా భయం లేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో మందు ఉచితం. 6 నెలలో, ఏడాదో వాడితే నయమవుతుంది."

మర్నాడు ముగ్గురూ ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరమ్మ పరీక్ష చేసి ఇలా చెప్పింది:

"ఇది బొల్లి. చర్మానికి రంగునిచ్చే కణాలు ఉంటాయి. రోగాల నుంచి మనల్ని కాపాడే శక్తే పొరపాటున ఆ కణాలను చంపేస్తుంది. అక్కడ రంగు పోతుంది. బొల్లి ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి 20 ఏళ్లలోపే మొదలవుతుంది. తాకితే అంటదు. కలిసి తింటే అంటదు. చేపలూ పాలూ కారణం కాదు. ఎవరు చేసిన పాపమూ కాదు."

"తగ్గుతుందా అమ్మా?"

"పూతమందులు ఉన్నాయి. పెద్దాసుపత్రిలో కాంతి చికిత్స ఉంది. చాలామందికి ముఖం మీద రంగు తిరిగి వస్తుంది. వేళ్ల మీద రావడం కష్టం. నెలల తరబడి ఓపికగా వాడాలి. ఎవరో చెప్పారని బావంచాల నూనె రాసి ఎండలో కూర్చోబెట్టకండి. చర్మం కాలి బొబ్బలు లేస్తాయి."

"రేపు దీని పెళ్లెలాగమ్మా?"

"ముందు చదువు సంగతి చూడు. మచ్చ వల్ల చదువు ఆగదు. నువ్వు మాన్పిస్తేనే ఆగుతుంది."

సోమవారం లక్ష్మమ్మే సరితను బడికి తీసుకెళ్లింది. టీచరుకు అంతా చెప్పింది. టీచరు పిల్లలందరి ముందు సరిత చెయ్యి పట్టుకుంది. బొల్లి గురించి పాఠం చెప్పింది. ఆ రోజు ఇద్దరు పిల్లలు వచ్చి సరిత పక్కన కూర్చున్నారు.

ఇప్పుడు నాయనమ్మే వాడంతా చెబుతోంది: "అది అంటదంట!"

గుర్తుంచుకుందాం:
• బొల్లి వేరు, కుష్ఠు వేరు.
• మచ్చ కనబడితే దాచకూడదు. డాక్టరుకు చూపించాలి.
• బొల్లి ఉన్న పిల్లలను వేరుగా ఉంచకూడదు.

చర్చించండి: మీ ఊళ్లో బొల్లి ఉన్నవాళ్లతో అందరూ ఎలా ఉంటున్నారు? మీరేం చేయగలరు?