చేసే పని పేరు దాచుకోవద్దు

సమస్య:

మాది విజయవాడ దగ్గర ఒక పల్లెటూరు. డిగ్రీ అయ్యాక విజయవాడలో ఒక పెద్ద బట్టల షోరూంలో, పట్టుచీరల సెక్షన్లో సేల్స్‌గర్ల్‌గా చేరాను. నాన్నకి నడుం దెబ్బతిని పనికి వెళ్లలేకపోతున్నారు. నాకొచ్చే 15,000 రూపాయల జీతంతోనే ఇల్లు గడవాలి, తమ్ముడి పాలిటెక్నిక్ ఫీజూ కట్టాలి. పొద్దున షాపు తీసినప్పటి నుంచి రాత్రి కట్టేసేదాకా నిలబడే ఉంటాం. కస్టమర్లు లేనప్పుడు కూడా కూర్చోకూడదు, కౌంటర్‌కి ఆనుకోకూడదు, ముఖంలో నవ్వు పోకూడదు. వీటన్నిటికీ అలవాటు పడ్డాను.

కిందటి నెల మా పెద్దమ్మ, ఆవిడ కూతురు – నాకు అక్క – పెళ్ళిబట్టలు కొనడానికి మా షాపుకే వచ్చారు. వెంట మగపెళ్ళివారు కూడా ఉన్నారు. నేను పలకరించబోయేలోపే పెద్దమ్మ నన్నెప్పుడూ చూడనట్టు, "ఏమ్మా, పెళ్ళిచీరలు చూపించు" అంది. అక్క తల వంచుకుని ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. నాకు నోరు పెగల్లేదు. కంచి, ధర్మవరం, గద్వాల అన్నీ తీయించారు. "ఈ పిల్లకి చూపించడం కూడా చేతకావట్లేదు" అని అందరి ముందూ అంది. చివరికి ఒక చీర ఖాయం చేశారు. బిల్లింగ్‌కి పంపడానికి మడత పెడుతుంటే అంచు దగ్గర జరీ పోగు లేచి ఉంది. దాన్ని పక్కన పెట్టి, స్టాకులోంచి అలాంటిదే ఇంకొకటి తెప్పించి ఇచ్చాను. వెళ్తూ వెళ్తూ పెద్దమ్మ ఫ్లోర్ ఇన్‌చార్జితో, "అమ్మాయి ముఖం మాడ్చుకుని చూపించింది" అని చెప్పింది. ఆయన నన్ను ఒక్క మాట అడక్కుండా సగం రోజు జీతం కోసేశారు.

ఇంటికెళ్లి ఏడిస్తే, "మగపెళ్ళివారి ముందు పరువు పోతుందని అలా చేసుంటుందిలే, మనసులో పెట్టుకోకు" అంది అమ్మ. అమ్మ కూడా చుట్టాలకి నేనేదో ఆఫీసులో చేస్తున్నానని చెబుతుంది. నాకు సంబంధాలు చూస్తున్నారు కదా, అందుకట. పెళ్ళిలో ఎవరడిగినా ఆఫీసనే చెప్పమంటోంది. ముఖం మాడ్చుకోవడం నా తప్పేనా? ఈ ఉద్యోగం మానేయనా? పెళ్ళికి వెళ్లనా, మాననా?

– ఒక సోదరి

సలహా:

అమ్మాయీ, నువ్వు అడిగిన మూడు ప్రశ్నలూ చదివాను. కానీ మధ్యలో పెద్దగా పట్టించుకోకుండా రాసేసిన జరీ పోగు మాట దగ్గర ఆగిపోయాను. ఈ జవాబు రాస్తున్నది దానికోసమే.

సొంత పెద్దమ్మ నిన్ను పరాయిదానిలా చూసింది. పదిమందిలో చేతకానిదానివంది. ఆ సమయంలో ఆ చీర అలాగే మడిచి డబ్బాలో పెట్టేసినా ఎవరికీ తెలిసేది కాదు. పీటల మీద ఆ పోగు ఏ గాజుకో, వంకీకో తగులుకుని అంచు పొడుగునా లాగేసేది. నువ్వు అలా పోనివ్వలేదు. మనసు అంత కలత పడి ఉన్నా నీ కన్ను పని మీదే ఉంది, నీ చెయ్యి సరైన పనే చేసింది. కస్టమర్‌కి చేసే సేవ అంటే ఇదేనమ్మా.

రాగానే నమస్కారం పెట్టడం, ఫోన్ పక్కన పెట్టి మాట్లాడటం, 800 రూపాయల చీర అడిగినవాళ్లనీ 80,000 చీర అడిగినవాళ్లనీ ఒకేలా చూడటం... ఇవన్నీ కావాలి. షాపులు అవి నేర్పడం మంచిదే. వాటన్నిటికంటే ముందు నిజం చెప్పడం ఉంది. గద్వాల చీర చూసి మొత్తం పట్టే అనుకునే ఆవిడకి, "ఇది ఒళ్లంతా నూలండీ, అంచూ కొంగూ మాత్రమే పట్టు" అని చెప్పాలి. పూర్తి పట్టుచీరకైతే సిల్క్‌మార్క్ లేబుల్ చూపించాలి. అసలు జరీ ఏదో, చవకరకం టెస్టెడ్ జరీ ఏదో విప్పి చెప్పాలి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోకపోవడం అనుచిత వ్యాపారమని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. ఆ గొడవ కౌంటర్ దాటకముందే నువ్వు తప్పించావు. ఆ ఇన్‌చార్జి నీ జీతం కోసే బదులు నిన్ను మెచ్చుకుని ఉండాల్సింది.

కాబట్టి మొదటి ప్రశ్నకి జవాబు: నీ తప్పేమీ లేదు. ఉద్యోగి నుంచి మర్యాద అడగొచ్చు, నువ్వు మర్యాద తప్పలేదు. కడుపులో దుఃఖం పెట్టుకుని పళ్లు కనబడేలా నవ్వమనే హక్కు ఎవరికీ లేదు.

జీతం కోత సంగతి. 2019 వేతనాల కోడ్ ప్రకారం జరిమానా ఆ నెల జీతంలో 3 శాతం దాటకూడదు, అంటే నీకు 450 రూపాయలు. సగం రోజు జీతం ఆ లోపే ఉండొచ్చు. కానీ ఏ తప్పులకి జరిమానా వేస్తారో ముందే అందరికీ తెలిసేలా రాసిపెట్టాలి, వేసేముందు నువ్వు చెప్పేది వినాలి. వినలేదు కాబట్టి ఆ మాట రాతపూర్వకంగా మేనేజర్‌కి ఇవ్వు. నలుగురైదుగురు కలిసి ఇస్తే ఇంకా మంచిది. అప్పటికీ పలక్కపోతే లేబర్ ఆఫీసు ఉంది.

అలవాటు పడ్డానన్నావు చూడు, ఆ నిలబడటం గురించి కూడా తెలుసుకో. నిలబడి పనిచేసేవాళ్లకి కూర్చునే ఏర్పాటు ఉండాలని కార్ఖానాలకి 1948లోనే చట్టం చేశారు. దుకాణాల్లో ఆడపిల్లలకి ఆ మాట రావడానికి చాలా ఏళ్లు పట్టింది. కేరళలోని కోళికోడ్‌లో విజి అనే దర్జీ పనిచేసే ఆవిడ, పెణ్‌కూట్టు అనే సంఘం కట్టి, ముందు మూత్రశాలల కోసం, తర్వాత కూర్చునే హక్కు కోసం పోరాడింది. 2018లో కేరళ, 2021లో తమిళనాడు తమ దుకాణాల చట్టాలు సవరించాయి. 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లోనూ ఈ ఏర్పాటు ఉంది. బేరం లేనప్పుడు కాసేపు కూర్చోవడం కస్టమర్‌కి అమర్యాద కాదు. వాచిన కాళ్లతో నిలబెట్టి నవ్వమనడమే అమర్యాద.

ఉద్యోగం మానాలా అంటే, ఇంతకంటే మంచిది దొరికితే మారు. పెద్దమ్మ అందని మాత్రం మానకు.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పాలనుకున్నది చెబుతాను. ఇది మీ అమ్మగారు కూడా చదవాలి.

అమ్మా, మీ పిల్ల సంపాదనతో ఇంట్లో బియ్యం కొంటున్నారు, కొడుక్కి ఫీజు కడుతున్నారు. ఆ డబ్బు తీసుకోవడానికి లేని సిగ్గు, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పడానికి ఎందుకు? మీ అక్క ఆ రోజు ఆ పిల్లని గుర్తుపట్టనట్టు నటించిందంటే, దానికి దారి వేసింది మీరే. "మా అమ్మాయి ఫలానా షాపులో పట్టుచీరల సెక్షన్లో చేస్తోంది, పెళ్ళికి అక్కడికే వెళ్లండి, మంచివి చూపిస్తుంది" అని మీరు మొదటి నుంచీ గర్వంగా చెప్పి ఉంటే, ఆవిడే అందరికీ చూపించి, "మా చెల్లెలి కూతురే" అని ఉండేది. కన్నతల్లి దాచిన పిల్లని చుట్టాలు మాత్రం ఎందుకు గుర్తుపడతారు?

మన ఇళ్లలో పనికి విలువ కుర్చీని బట్టి, కంప్యూటర్‌ని బట్టి కడుతున్నాం. అమెరికాకి చదువుకోవడానికి వెళ్లిన కుర్రాడు అక్కడ ఏ పెట్రోలు బంకులోనో, సరుకుల కొట్లోనో కౌంటర్ దగ్గర నిలబడితే, "కష్టపడి పైకొస్తున్నాడు" అని నలుగురికీ చెబుతాం. బెజవాడలో ఆడపిల్ల అలాగే నిలబడి ఇంటిల్లిపాదినీ పోషిస్తే పరువు పోయిందంటాం. రెండుచోట్లా కష్టం ఒకటే.

షాపులో మన తీరూ అలాగే ఉంటుంది. బట్టలు కొనడానికి ఇంటిల్లిపాదీ వెళ్తాం. చూపించే పిల్ల నమస్కారం పెడితే తిరిగి పెట్టం. చిటికె వేసి పిలుస్తాం. నచ్చని చీర పక్కకి విసిరేస్తాం. గంటసేపు తీయించి, కొనకుండా లేచేటప్పుడు ఒక్క మంచిమాటైనా అనం. పక్కన స్టూలు మీద కూర్చున్న మన పిల్లలు అన్నీ చూస్తూనే ఉంటారు. ఎవరితో మర్యాదగా మాట్లాడాలో, ఎవరిని గదమాయించొచ్చో అక్కడే నేర్చుకుంటారు. రేపు వాళ్లే ఒక ఆఫీసులో కౌంటర్ వెనక కూర్చున్నప్పుడు, ఎదుటివాళ్ల బట్టలు చూసి మాట్లాడతారు. మర్యాద ఉద్యోగులకి ట్రైనింగ్‌లో నేర్పేదే అయితే సగం కూడా రాదు. ఇంట్లో, పెద్దవాళ్ల నడవడిలో వస్తుంది.

అమ్మా, సంబంధాల కోసమని దాస్తున్నారు కదా. ఆఫీసు ఉద్యోగం అని చెప్పి కుదిర్చిన సంబంధంలో నిజం ఎన్నాళ్లు దాగుతుంది? బయటపడ్డాక అత్తవారింట్లో మాట పడేది మీరు కాదు, ఈ పిల్ల. తెలిసి, ఇష్టపడి వచ్చే సంబంధమే ఆమెకి కావాలి. ఈ ఉద్యోగం విని వెనక్కిపోయేవాళ్లు పోతే మీకు మేలే జరిగినట్టు.

అమ్మాయీ, పెళ్ళికి వెళ్లు. మీ అక్క కోసం వెళ్లు. పందిట్లో పెద్దమ్మతో గొడవ పెట్టుకోకు. పెళ్ళి హడావుడి సద్దుమణిగాక ఒక రోజు ఇంటికెళ్లి, "ఆ రోజు నువ్వు నన్ను గుర్తుపట్టకపోవడం చాలా బాధ కలిగించింది పెద్దమ్మా" అని ముఖాముఖి చెప్పు. పెళ్ళిలో ఎవరైనా ఏం చేస్తున్నావని అడిగితే షాపు పేరు, సెక్షన్ పేరు తడబడకుండా చెప్పు. అలా చెప్పబోతున్నానని బయల్దేరేముందే అమ్మకి చెప్పేయి. ఆవిడ అలిగినా సరే, ఈ విషయంలో మాత్రం తగ్గకు.