చక్రానికీ చట్రానికీ నడుమ

కారు కొనేటప్పుడు మనం ఇంజను సంగతి అడుగుతాము, రంగు చూస్తాము, లీటరు పెట్రోలుకు ఎన్ని కిలోమీటర్లు నడుస్తుందో విచారిస్తాము. చక్రాన్ని చట్రంతో కలిపే కీలులో గుప్పిట ఇమిడేంత రబ్బరు ముక్క ఒకటి ఉన్నదని మాత్రం ఎవరమూ తలచము. దానినే మెకానిక్కులు బుష్ అంటారు. అది చెడినప్పుడు గాని దాని విలువ తెలియదు. భౌతికశాస్త్ర విద్యార్థికి ఇది మంచి పాఠం. వాహనం నడిపేవారికి ప్రాణరక్షణకు సంబంధించిన విషయం. కావున బుష్ గుణాలను, ఎంపికను, మార్చే పద్ధతిని ఇక్కడ వివరింపదలచినాను.

బుష్ చేసే పని

చక్రం గుంతలో దిగినా, మిట్ట ఎక్కినా దానిని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ అనే ఇనుప చేయి పైకీ కిందికీ కదులుతుంది. ఆ చేయి చట్రంతో కలిసే చోట ఇనుముకు ఇనుము తగిలితే చప్పుడూ అరుగుదలా తప్పవు. అందువలన అక్కడ బుష్‌ను అమర్చుతారు. సాధారణమైన బుష్‌లో వెలుపల ఒక ఇనుప గొట్టం, లోపల బోల్టు పట్టే మరొక సన్నని గొట్టం, రెండింటి నడుమ వాటికి గట్టిగా అతుక్కొన్న రబ్బరు ఉంటాయి. 2014 వరకు తయారైన అంబాసిడర్ కారులో వెనుక కమాను పట్టీల చివర కూడా రబ్బరు బుష్‌లే ఉండేవి.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవలెను. గొట్టాలకు అతికిన రబ్బరు జారదు, చక్రం వలె తిరగదు, మెలిపడుతుంది. చేయి కదిలిన ప్రతిసారీ తడిగుడ్డను పిండినట్లు మెలిపడి, మరల యథాస్థితికి వస్తుంది. ఈ మెలికలోనే మన పాఠమంతా ఉన్నది.

మన ఎండలు, మన దారులు

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలు 2016లో పలు జిల్లాలుగా విడిపోయినవి గాని, ఎండలూ దారులూ విడిపోలేదు. రామగుండంలో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. గోదావరిఖని, మంచిర్యాల వైపు బొగ్గు లారీలు తిరిగే దారులలో గుంతలు, ఊరి మొదట్లో ఒకటి, చివర ఒకటి స్పీడ్ బ్రేకర్లు. ఏళ్ల తరబడి వేడి తగిలిన రబ్బరు గట్టిపడి పగులుతుంది. ఇంజనాయిల్ కారి మీద పడితే ఉబ్బి మెత్తబడుతుంది.

బుష్ చెడిన గుర్తులు నాలుగు: స్పీడ్ బ్రేకర్ దాటగానే అడుగున టకటకమని చప్పుడు, బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగడం, స్టీరింగు నిలకడగా లేకపోవడం, టైరు ఒక అంచున మాత్రమే అరగడం. ఇవి ఇతర కారణాల వలన కూడా కలుగవచ్చు. కావున కారును ఎత్తి, చిన్న గుణపంతో చేయిని మెల్లగా కదిలించి, రబ్బరులో చీలిక ఉన్నదో లేదో కంటితో చూచి నిర్ణయింపవలెను.

రబ్బరా, పాలీయూరిథేనా?

1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి కాచి, ఎండకు కరగకుండా, చలికి పెళుసెక్కకుండా చేసే పద్ధతిని కనుగొన్నాడు. 1937లో జర్మనీ రసాయన శాస్త్రజ్ఞుడు ఒట్టో బేయర్, ఆయన సహచరులు పాలీయూరిథేన్ అనే పదార్థానికి దారి చూపినారు. పరుపులలోని మెత్తని నురుగు, బూట్ల అడుగులు, బుష్‌లు - ఇవన్నీ ఆ కుటుంబానికి చెందినవే.

గట్టితనాన్ని షోర్ ఏ అనే కొలతలో చెబుతారు. రబ్బరు బుష్‌లు సాధారణంగా 50 నుండి 70 వరకు, పాలీయూరిథేన్ బుష్‌లు 70 నుండి 95 వరకు ఉంటాయి. పాలీయూరిథేన్ నూనెకు లొంగదు, అరుగుదలకు ఓర్చుతుంది, బ్రేకు వేసినప్పుడు చేయిని చలింపనీయదు. అయితే రోడ్డు అదురును, చప్పుడును రబ్బరు మింగినంతగా అది మింగలేదు. పైగా అందులో లోపలి గొట్టం అతికి ఉండదు, తిరుగుతుంది. కావున గ్రీజు ఎండితే కీచుమంటుంది. దీనిలోనూ రెండు జాతులు కలవు: పాలియెస్టర్ రకం వేడి, తేమ కలిసిన చోట కాలక్రమంలో శిథిలమవుతుంది, పాలీఈథర్ రకం నీటికి బాగా ఓర్చుతుంది. వర్షాకాలమంతా బురదలో నడిచే బండికి రెండవదే తగినది. ఎరుపు, పసుపు రంగులు చూచి మోసపోరాదు. రంగు గట్టితనానికి కొలత కాదు.

నా సలహా ఇది. కుటుంబ ప్రయాణాలకు వాడే కారుకు కంపెనీ రబ్బరు బుష్‌లే మేలు. బరువు మోస్తూ చెడు దారులలో తిరిగే బండికి ముందు చేతులకు, యాంటీ రోల్ బార్‌కు పాలీయూరిథేన్ పనికివస్తుంది. ఒకేసారి పలు దిశలకు వంగవలసిన వెనుక కీళ్లలో మాత్రం దానిని వాడరాదు. అక్కడ గట్టి బుష్ కదలికను బిగబట్టి, ఇనుప చేయి మీదనే భారం వేస్తుంది.

ఒక అనుభవం

కొన్నేళ్ల క్రితం నా పాత కారుకు ఒక షెడ్డులో ముందు బుష్‌లు మార్పించినాను. సరుకు అసలైనదే. ఆరు నెలలు తిరగకముందే, నిర్మల్ దాటిన తరువాత మహబూబ్ ఘాట్ పాత దారిలో దిగుతుండగా బ్రేకు వేస్తే బండి ఎడమకు లాగింది. పక్కన లోయ, వెనుక సీటులో పిల్లలు. ఆ క్షణం ఇప్పటికీ మరువలేను.

తిరిగివచ్చిన తరువాత మరొక షెడ్డులోని వృద్ధ ఉస్తాద్ చీలిన బుష్‌ను చేతిలో తిప్పి చూచి ఒకే ప్రశ్న అడిగినాడు: "సార్, బోల్టు బిగించినప్పుడు బండి జాకీ మీద ఉన్నదా, నేల మీద ఉన్నదా?" జాకీ మీదనే అన్నాను. "అయితే తప్పు సరుకుది కాదు, బిగింపుది" అన్నాడు.

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేసినాను. చేయి పొడవు 35 సెంటీమీటర్లు, బండి నేల మీద నిలిచినప్పుడు అది సమతలంగా ఉన్నదనుకొందాము. చక్రం 7 సెంటీమీటర్లు పైకి లేస్తే చేయి సుమారు పదకొండున్నర డిగ్రీలు తిరుగుతుంది. నేల మీద బిగించిన రబ్బరుకు అంతే మెలిక. జాకీ మీద చక్రం 7 సెంటీమీటర్లు కిందికి వేలాడుతుండగా బిగిస్తే, బండి నేలకు దించగానే రబ్బరు పదకొండున్నర డిగ్రీలు మెలిపడి ఉంటుంది. గుంత తగిలితే మెలిక 23 డిగ్రీలవుతుంది. అనగా నిలిచి ఉన్న బండిలో కూడా రబ్బరుకు విశ్రాంతి లేదు, కదిలితే రెట్టింపు శ్రమ.

మార్చే పద్ధతి

1. సమతలమైన నేల మీద బండిని నిలిపి, కదలని చక్రాలకు అడ్డు పెట్టవలెను. ఎత్తిన తరువాత స్టాండ్లు పెట్టక, కేవలం జాకీని నమ్మి కిందికి దూరరాదు.

2. పాత బుష్‌ను ప్రెస్సుతో గాని, బెంచి వైసుతో గాని నెట్టవలెను. మంటపెట్టి కాల్చే అలవాటు మానవలెను. పాలీయూరిథేన్ కాలితే విషవాయువులు వెలువడుతాయి.

3. పాలీయూరిథేన్ బుష్‌లలో కొన్నింటికి పాత వెలుపలి గొట్టం ఉంచవలెను, కొన్నింటికి తీయవలెను. తయారీదారు సూచన చదివిన తరువాతనే పని మొదలుపెట్టవలెను.

4. రబ్బరు బుష్‌ను ఎక్కించడానికి సబ్బునీరు చాలు. మామూలు గ్రీజు పూయరాదు. పాలీయూరిథేన్‌కు దానితో వచ్చిన సిలికోన్ గ్రీజు పూయవలెను.

5. కుడి ఎడమలు రెండూ ఒకేసారి మార్చవలెను.

6. బోల్టులను మొదట వదులుగా ఉంచి, బండిని నేలకు దించి, రెండుమూడు సార్లు నొక్కి వదలిన తరువాత చెప్పిన బిగువుకు టార్క్ రెంచితో బిగింపవలెను. తరువాత వీల్ అలైన్‌మెంట్ చూపించవలెను.

ఆరవ మెట్టుకు పది నిమిషాలు చాలు. దానిని తప్పిస్తే తక్కిన అయిదూ వ్యర్థం. మేము తరగతిలో కోణం, మెలిక అని చెప్పినదానిని ఆ ఉస్తాద్ బడికి పోకుండానే వేళ్లతో ఎరిగినాడు. విద్యార్థులు పుస్తకంలోని సూత్రం చదివి ఒకనాడు షెడ్డుకూ వెళ్లవలెను. షెడ్డులో పనిచేసే పిల్లలు తాము చేసే పనికి కారణమేమో అడగవలెను. ఘాటు దిగే ప్రతి బండిలో ఎవరో ఒకరి పిల్లలు ఉంటారు.