చిన్న దీవిలో స్థలపు తిండి : మినికాయ్ ద్వీపమును గూర్చిన పాఠము

ద్వీపమనగా నలుదెసల నీటిచే చుట్టబడిన భూభాగమని మన విద్యార్థులు చిన్న తరగతులలోనే వల్లించియున్నారు. ఆ నిర్వచనమును విన్న బాలురకు సహజముగా తోచునదేమనగా, అట్టి చోట చేపలకు కొదువ లేదు గనుక అచ్చటివారు తినునదంతయు అచ్చటనే దొరకునని. ఈ తలంపులో సగము నిజము, సగము పొరపాటు. చిన్న దీవిలో, అది నిజముగా అచ్చటిదే యని చెప్పదగిన ఆహారమును కనుగొనుట మనము తలంచినంత సులభము కాదు. భూగోళ పాఠములో పటముమీద చుక్కగా చూపి విడిచిపెట్టెడు ఒక దీవిని తీసికొని యీ విషయమును విచారింతము.

అరబ్బీ సముద్రములో, కొచ్చికి పడమరగా లక్షద్వీపములు కలవు. వాని మొత్తము నేల 32 చదరపు కిలోమీటర్లు మాత్రమే. అనగా మన జిల్లాలలో ఒక పెద్ద చెరువు ఆయకట్టు అంతకంటె విశాలముగా నుండవచ్చును. పది దీవులలో మాత్రమే జనులు కాపురమున్నారు. వీనిలో అన్నిటికంటె దక్షిణమున, మిగిలినవానికి దూరముగా, మినికాయ్ అను దీవి యున్నది. నెలవంకవలె వంగిన ఈ దీవి విస్తీర్ణము 5 చదరపు కిలోమీటర్లకు మించదు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలనుబట్టి అచ్చట 10,447 మంది యుండిరి. తక్కిన దీవులవారు మలయాళపు మాండలికమును మాటలాడగా, మినికాయ్‌వారు మాల్దీవుల భాషకు చెందిన మహల్ మాటలాడుదురు. వారి వంటయు వారి భాషవలెనే మాల్దీవులకు దగ్గర చుట్టము.

ఇప్పుడొక మినికాయ్ గృహములో మధ్యాహ్న భోజనము వడ్డింపబడినదనుకొందము. అన్నము, కొబ్బరిపాలతో చేపపులుసు, కొంచెము కొబ్బరికోరు. చూచువారికి ఇంతకంటె ద్వీపపు భోజనము వేరొకటి యుండునా యనిపించును. కాని ఒక్కొక్క దానిని విడదీసి అడుగుదము. బియ్యమెక్కడిది? ఆ దీవులలో వరి పండదు. పగడపు సున్నపుమట్టిలో నేల పలుచన. ఏరు లేదు, వాగు లేదు. వాన నీరు ఇసుకలోనికి ఇంకి, ఉప్పునీటిపై తేలియాడు పలుచని మంచినీటి పొరగా నిలుచును. కావున బియ్యము ఓడమీద రావలసినదే. పూర్వకాలమున ద్వీపవాసులు కొబ్బరిపీచుతో త్రాడు పేని, దానిని తీరమునకు పంపి, బదులుగా బియ్యము తెచ్చుకొనుచుండిరి. ఉల్లిగడ్డయు ఓడదే. పప్పు, గోధుమపిండి, చింతపండును ఓడవే. మిరపకాయ సంగతి చెప్పనక్కరలేదు. అది దీవికే కాదు, మన దేశమునకే పోర్చుగీసువారి కాలమున అమెరికా ఖండమునుండి వచ్చిన అతిథి.

అట్లయిన ఆ భోజనము ద్వీపపుది కాదని తీర్పు చెప్పవలెనా? మా మట్టుకు మేమట్లు చెప్పము. స్థలపు తిండి యనుమాటకు రెండర్థములు కలవు. ఆ నేలమీద, ఆ నీటిలో పుట్టినది యొకటి. ఎచ్చట పుట్టినను తరతరములుగా అచ్చటివారి చేతిలో ఒక రూపము పొందినది రెండవది. అన్నము రెండవ అర్థమున ద్వీపపుది. కొబ్బరియు చేపయు రెండర్థములందును ద్వీపపువి. ఈ భేదము తెలియనివాడు అయితే ప్రతిదానిని మెచ్చును, లేదా ప్రతిదానిని అనుమానించును.

కొబ్బరిని గూర్చి కొంచెమే చెప్పెదము. చెట్టును గీసి తీసిన తీయని నీరును కాచి బెల్లము చేయుదురు. పులియనిచ్చి వంటకు వాడు పుల్లనీరు చేయుదురు. ద్వీపవాసులు మహమ్మదీయులగుటచే కల్లు త్రాగుట వారి యాచారము కాదు. కొబ్బరికోరును బెల్లముతో ఉడికించి ఉండచేసి, ఎండిన అరటియాకులో చుట్టిన మిఠాయి లక్షద్వీపములలో ప్రసిద్ధము. సీమపనస, అరటి, మునగ కూడ ఇండ్ల పెరళ్లలో పెరుగును.

ఇక చేప. మినికాయ్‌వారికి చేపయనగా ముఖ్యముగా ట్యూనా జాతిలోని ఒక చేప. మన విశాఖతీరపు బెస్తలు సూర యను వానికి ఇది దగ్గర బంధువు. దానిని పట్టు విధము మిక్కిలి చూడదగినది. తెల్లవారుజామున పడవవారు మొదట పెద్ద చేపను వెదకరు. దీవికిని పగడపు గట్టునకును నడుమనున్న నిశ్చలమైన లోతులేని నీటిలో వలవేసి, వ్రేలెడు పొడవైనను లేని చిన్న చేపలను ప్రాణముతో పట్టుదురు. పడవలో ఒక అర కలదు. దాని అడుగున రంధ్రములుండును. వానిగుండ సముద్రపునీరు లోనికివచ్చుచు పోవుచు నుండుటచే ఎరచేపలు బ్రతికియుండును. పడవకు రంధ్రము కీడని మనమనుకొందుము. అచ్చట రంధ్రమే జీవనాధారము.

పిమ్మట గట్టుదాటి బయటి సముద్రమునకు పోవుదురు. పక్షులు గుంపుగూడి నీటిపై వ్రాలుచోట సూర గుంపు ఉండును. ఎరచేపలను గుప్పెళ్లతో చల్లి, నీటిని చిమ్ముదురు. పూర్వము చేతితో చిమ్మెడివారు, ఇప్పుడు యంత్రముతో. ఆ చినుకులను చూచి చిన్నచేపలు ఎగురుచున్నవని భ్రమించి సూరచేపలు పైకి విరుచుకొనిపడును. పడవ వెనుకభాగమున వరుసగా నిలిచిన మనుష్యులు గడలతో ఒక్కొక్క చేపను లాగి వెనుకకు విసరుదురు. గాలమునకు వెనుకముల్లు లేనందున చేప తనంతట ఊడి పడవలో పడును, గడ మరుక్షణమే నీటిమీదికి పోవును. ఇందు వలలో చిక్కి వ్యర్థముగా చచ్చు తాబేళ్లు లేవు, అక్కరలేని పిల్లచేపలు లేవు. 1960వ దశకమున ఈ విద్య మినికాయ్‌నుండి తక్కిన దీవులకును వ్యాపించినది.

నైరృతి ఋతుపవనములు వచ్చినప్పుడు సముద్రము పొంగి పడవలు ఒడ్డెక్కును. అప్పుడేమి తినవలెను? మంచుపెట్టెలు లేని కాలముననే ద్వీపవాసులు దీనికి జవాబు కనుగొనిరి. సూరను నాలుగు పలకలుగా కోసి, ఉప్పునీటిలో ఉడికించి, కొబ్బరిడొక్కల పొగలో పెట్టి, అటుపిమ్మట దినములకొలది ఎండబెట్టుదురు. తుదకది కట్టెవలె గట్టిపడును. పచ్చిచేప బరువులో సుమారు ఐదవవంతు మిగులును. దీనినే మాస్‌మిన్ అందురు. ఇది నెలలకొలది నిలువయుండును. 1343వ సంవత్సరమున మాల్దీవులను చేరిన ఇబన్ బతూతా అను యాత్రికుడు అచ్చట ఇట్లే చేపను ఉడికించి పొగబెట్టుటను, దానిని భారతదేశమునకును చీనాకును యెమెనుకును ఎగుమతిచేయుటను వర్ణించియున్నాడు. నేటికిని సింహళమున కొబ్బరిపచ్చడిలో ఈ ఎండుచేపనే దంచి కలుపుదురు. చేప ఉడికిన నీటినిగూడ పారబోయక, చిక్కగా కాచి ముద్దచేసి అన్నములో నంజుకొందురు. పొదుపును గూర్చి పాఠము చెప్పవలసివచ్చినచో మేమీ ముద్దనే చూపింతుము.

దీవికి పోవు సంచారి స్థలపు చేపను ఎట్లు గుర్తింపవలెను? పలకమీద వ్రాసిన పేరును నమ్మరాదు. ఇది ఏ నెలలో, ఏ పడవకు, ఏ విధమున చిక్కినదని అడుగవలెను. జూలై నెలలో ఎవరైన తాజా సూరయని వడ్డించినచో సందేహింపవచ్చును. ఆ నెలలో మాస్‌మిన్ పులుసే నిజమైన ద్వీపపు భోజనము. దూరమునుండి వచ్చినవాడు ఎండుచేపను చూచి ముక్కు మూసికొని తాజాచేప కావలెనని పట్టుపట్టుట మాకు సరిగా తోచదు. మన దేశములోనే చూడుడు: ఏలూరు, భీమవరము ప్రాంతపు చెరువులలో పెరిగిన శీలావతియు బొచ్చెయు మంచుతో బండ్లకెక్కి కోల్‌కతా వరకు పోవుచున్నవి. చేప తాజాగా కనబడినంతమాత్రమున అది ఆ యూరిదని యెంచరాదు.

ఇంకొక చిక్కు కలదు. స్థలములోనే దొరకినదంతయు తినదగినదా? పగడపు గట్టులలో రంగురంగుల చేపలు నివసించును. అతిథికి అవి మిక్కిలి రుచించును గనుక అడుగువాడుండిన అమ్మువాడును ఉండును. వీనిలో చిలుకచేప యనునది తన గట్టి ముక్కుతో చచ్చిన పగడమును గీకి, దానిపై పెరిగిన నాచును తిని, నమిలిన రాతిని తెల్లని ఇసుకగా విసర్జించును. నాచు తొలగిన చోటనే క్రొత్త పగడము నాటుకొనును. ఆ ఇసుకయే దీవి యొడ్డున చేరును. అనగా చిలుకచేపలను మితిమీరి పట్టినవారు తాము నిలిచిన నేలనే కొంచెము కొంచెముగా వండుకొని తినుచున్నారని చెప్పవచ్చును. ద్వీపవాసులు బయటి సముద్రపు సూరనే ముఖ్యాహారముగా ఎంచుకొనుటవలన చాలకాలము ఈ గట్టులకు విశ్రాంతి దొరకినది.

అయితే సూరయు గట్టునుండి పూర్తిగా వేరు కాదు. 1998, 2010, 2016 సంవత్సరములలో సముద్రజలము మితిమీరి వేడెక్కగా లక్షద్వీపముల పగడములు తెల్లబడి, వానిలో పెక్కు చచ్చినవి. ఎరకు పనికివచ్చు చిన్నచేపలలో అనేకము ఆ పగడముల నడుమను, వాని చాటునున్న నిశ్చలజలములోను బ్రతుకునవే. అవి సమృద్ధిగా నున్నచో పడవవారు ప్రొద్దెక్కకమునుపే అర నింపుకొని గట్టుదాటుదురు. కొరవడిననాడు వలను మరల మరల వేయుచు గంటలకొలది వెదకుదురు. ఎర దొరకనిచో బయటి సముద్రమున పక్షులు మూగుచున్నను పడవను రేవునకు త్రిప్పుకొందురు.