మీటరు పచ్చగానే ఉంది, మరి ఈ కూతేమిటి?

ప్రశ్న: రాయ్‌పూర్‌లో తెలుగువాళ్లం కలిసి శ్రీరామనవమి భజన పెట్టుకుంటాం. మిక్సర్‌లో ఎకో పెంచితే చాలు, కూత! మీటరు మాత్రం పచ్చగానే ఉంటుంది. ఎందుకని?

జవాబు: ఆ మీటరు మామూలుగా చూపేది మొత్తం అవుట్‌పుట్‌ని, ఒక్కో మైకును కాదు. గాయకుడి ఛానల్‌లో పీఎఫ్ఎల్ (ఆ ఒక్క ఛానల్‌నే మీటరులో చూపే బటన్) నొక్కి, గొంతెత్తి పాడించి, గెయిన్‌తో మీటరును సున్నా దగ్గర నిలపండి. పీక్ దీపం వెలగకూడదు.

కూతకు అసలు దొంగ వేరే ఉండొచ్చు. ఎఫెక్ట్స్ రిటర్న్‌ను మామూలు ఛానల్‌కు కలిపారా? అయితే ఆ ఛానల్‌లోని ఎఫెక్ట్స్ సెండ్ నాబ్‌ను పూర్తిగా తగ్గించండి. లేదంటే ఎకో మళ్లీ ఎకోలోకే పోయి తిరుగుతుంది. స్టేజీ మానిటర్‌కు ఎకో పంపకండి, గాయకులు అడిగినా సరే. మానిటర్ సెండ్ ప్రీ-ఫేడర్‌లోనే, అంటే ఫేడర్ కదిపినా మారకుండా, ఉండాలి. ఉపన్యాసం మొదలైతే ఎకో మ్యూట్ చేయండి.