మన పార్లమెంటు నియోజకవర్గము – దాని మారుచున్న ఎల్లలు

విద్యార్థులారా! మన పాఠశాలలో ‘మన పార్లమెంటు సభ్యు డెవరు?’ అని అడిగినచో పలువురు సరిగనే చెప్పుదురు. ‘మన నియోజకవర్గపు ఎల్ల లెవ్వి?’ అని అడిగినచో మాత్రము చాలమంది జిల్లా పటమును చూపుదురు. అది పొరపాటు. జిల్లా పరిపాలనకొరకు ఏర్పడినది; నియోజకవర్గము ప్రాతినిధ్యముకొరకు ఏర్పడినది. రెండింటి ఎల్లలును ఒకటి కానక్కరలేదు. బల్లార్పూరున నున్న బాలుని మేనమామ సిరొంచలోను, పెదనాన్న ఆసిఫాబాదులోను ఉండవచ్చును. మువ్వురి భాషయు తెలుగే. కాని మువ్వురును లోక్‌సభకు ముగ్గురు వేర్వేరు సభ్యులను ఎన్నుకొందురు. ఇట్లేల జరిగెనో తెలిసికొనుటయే ఈ పాఠముయొక్క ఉద్దేశము.

చాందా జిల్లా పుట్టుక

చంద్రపూరునకు పూర్వనామము చాందా. ఇది గోండు రాజుల రాజధానిగాను, పిమ్మట నాగపురపు భోంస్లేల ఏలుబడిలోను ఉండెను. 1853లో మూడవ రఘోజీ వారసుడు లేక మరణింపగా, 1854లో ఆంగ్లేయులు నాగపుర రాజ్యమును కలుపుకొనిరి. 1874లో ఎగువ గోదావరి జిల్లాను రద్దుచేసి, దానిలోని నాలుగు తాలూకాలను చాందా జిల్లాలో చేర్చి, సిరొంచ ముఖ్యస్థానముగా ఒక్క తాలూకాగా చేసిరి. ప్రాణహిత గోదావరిలో కలియు తావున నున్న ఆ తెలుగుసీమ ఆనాడే మన జిల్లాలోనికి వచ్చెను. ఇరువదవ శతాబ్దపు మొదటి దశాబ్దములో ఆ తాలూకా దిగువభాగములైన చర్ల, ఆల్బాక, నూగూరులను మద్రాసు రాష్ట్రమున కిచ్చిరి. అవి నేడు తెలంగాణములో ఉన్నవి. అనగా ఒకే నదీతీరపు ప్రజలలో కొందరు ఇటును, కొందరు అటును అయిరి. ప్రజలు ఎచటికిని కదలలేదు. కదలినది గీత మాత్రమే.

తొలి ఎన్నికల నాడు

1951–52లో స్వతంత్ర భారతమున మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగినపుడు చాందా జిల్లా మధ్యప్రదేశమున ఉండెను. అప్పుడు చాందా నుండి ముల్లా అబ్దుల్లాభాయి తాహెరలి కాంగ్రెసు పక్షమున ఎన్నికయ్యెను. 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణము జరుగగా జిల్లా బొంబాయి రాష్ట్రమున చేరెను. కావున 1957లో వి. ఎన్. స్వామి బొంబాయి రాష్ట్ర సభ్యుడై ఢిల్లీకి వెళ్ళెను. 1960 మే 1వ తేదీన మహారాష్ట్రము అవతరించెను. 1962లో స్వతంత్ర అభ్యర్థి లాల్ శ్యామ్ షా మహారాష్ట్ర సభ్యు డయ్యెను. మూడు ఎన్నికలలో మూడు రాష్ట్రములు! ఊరు మారలేదు, రాష్ట్రము మారెను.

రాజూరా కథ ఇంకను విచిత్రము. అది నిజాము రాజ్యమునందును, తరువాత హైదరాబాదు రాష్ట్రమునందును ఆదిలాబాదు జిల్లాలోని తాలూకా. 1956లో దానిని నాందేడు జిల్లాలో చేర్చిరి. 1959లో చాందా జిల్లాకు మార్చిరి. మొదటి ఎన్నికలలో హైదరాబాదు రాష్ట్రపు ఓటర్లుగా నున్నవారు దశాబ్దము తిరుగకముందే మన జిల్లా ఓటర్లైరి. రాజూరా వైపున తెలుగు నేటికిని వినబడుటకు ఇది ఒక కారణము.

1962 నవంబరు నుండి 1963 నవంబరులో మరణించువరకు మహారాష్ట్ర ముఖ్యమంత్రిగా నుండిన మారోతరావు కన్నంవార్ ఈ జిల్లావారే. 1964 ఉపఎన్నికలో ఆయన సతీమణి తాయీ కన్నంవార్ ఇచటినుండి లోక్‌సభకు ఎన్నికయ్యెను. ఈ ప్రాంతపు ఇంటిపేర్ల తుదినుండు ‘వార్’ అను మాట మన ‘వారు’ అనియే పెద్దలు చెప్పుదురు. ఇంటిలో తెలుగు మరచినవారి పేరులలో సైతము తెలుగు నిలిచియున్న దన్నమాట.

గీత గీయు వారెవరు?

రాజ్యాంగము 82వ అధికరణము ప్రకారము జనాభా లెక్కల పిమ్మట నియోజకవర్గములను సరిచేయవలెను. ఈ పనికి పార్లమెంటు చట్టముచేత పునర్విభజన సంఘ మేర్పడును. 1952, 1962, 1972, 2002 సంవత్సరముల చట్టములచే ఇట్టి సంఘములు నాలుగు ఏర్పడినవి. సంఘము మొదట ముసాయిదాను ప్రకటించును, ఆక్షేపణలను స్వీకరించును, బహిరంగ సభలలో ప్రజల మాట వినును. తుది ఉత్తర్వు వెలువడిన పిమ్మట దానిని న్యాయస్థానమున ప్రశ్నించుట మిక్కిలి కష్టము. కాబట్టి చెప్పదలచినది ముసాయిదానాడే చెప్పవలెను.

2002 నాటి సంఘమునకు న్యాయమూర్తి కుల్‌దీప్ సింగ్ అధ్యక్షుడు. 1971 లెక్కలపై స్థిరపడిన స్థానముల సంఖ్యను మార్చక, 2001 లెక్కలనుబట్టి ఎల్లలను మాత్రము ఆ సంఘము సరిచేసెను. మహారాష్ట్రకు 48 లోక్‌సభ స్థానములు, 288 శాసనసభ స్థానములు అట్లే నిలిచెను. ఆరేసి శాసనసభ స్థానములు కూడి ఒక లోక్‌సభ స్థానమగును.

2008 నాటి మార్పు

ఆ ఉత్తర్వు 2008లో అమలులోనికి వచ్చెను. దాని ప్రకారము చంద్రపూర్ నియోజకవర్గమున రాజూరా, చంద్రపూర్, బల్లార్పూర్, వరోరా అను మన జిల్లా స్థానములు నాలుగును, యవత్‌మాళ్ జిల్లాకు చెందిన వణి, ఆర్ణీ అను రెండును కలవు. మన జిల్లాలోనివే అయిన బ్రహ్మపురి, చిమూర్ మాత్రము క్రొత్తగా ఏర్పడిన గడ్చిరోలి–చిమూర్ నియోజకవర్గమున చేరెను. అది షెడ్యూల్డు తెగలకు ప్రత్యేకింపబడినది. ఆమ్‌గావ్, ఆర్మోరి, గడ్చిరోలి, అహేరి దానిలోని తక్కిన స్థానములు. 1982లో గడ్చిరోలి వేరు జిల్లా అయినపుడే సిరొంచ మన జిల్లానుండి విడివడెను. నేడది అహేరి స్థానముద్వారా గడ్చిరోలి–చిమూరు క్రింద ఉన్నది.

వనవాసులకు తమ ప్రతినిధి యుండుట న్యాయమే. అయినను దీనివలన మనకు కలిగిన ఫలితమును గ్రహింపవలెను. పూర్వపు చాందా జిల్లా తెలుగువారు నేడు రెండు నియోజకవర్గముల వారైరి. మన నియోజకవర్గమున ఓటర్లు 18 లక్షలకు పైగా నుండగా, తెలుగువారు ఎచటను అధికసంఖ్యాకులు కారు.

రెండు జాబితాల గ్రామములు

మన జిల్లా జివతి తాలూకాకును, తెలంగాణపు కెరమెరి మండలమునకును నడుమ పరండోలి, అంతాపూర్, ముకదంగూడ మొదలైన గ్రామములు కొన్ని కలవు. వీనిని రెండు రాష్ట్రములును తమ వనుచు వచ్చినవి. అచటి కుటుంబములకు రెండు రేషను కార్డులు, రెండు ఓటరు కార్డులు ఉండుట పత్రికలలో పలుమారు వచ్చినది. 2019లో ఇరుప్రక్కలను ఏప్రిల్ 11వ తేదీననే పోలింగు జరిగెను. 2024లో చంద్రపూరున ఏప్రిల్ 19న, ఆదిలాబాదున మే 13న జరిగెను. ఒక మనిషి రెండు నియోజకవర్గముల జాబితాలలో ఉండరాదని చట్టము. కాని ఆ గిరిజన కుటుంబములను నిందించుట తగదు. గీత ఎచట నున్నదో ప్రభుత్వములే తేల్చనపుడు, రోడ్డు, బడి, నీరు ఎవరిత్తురో తెలియని పేదవాడు ఇద్దరి తలుపును తట్టును.

మనము గ్రహింపవలసినది

భాషను చూచి పునర్విభజన సంఘము గీత గీయదు. జనసంఖ్యను చూచి గీయును. కనుక గీత మన పక్షమున లేదని చింతించుట వ్యర్థము. అల్పసంఖ్యాక భాషలవారికి రాజ్యాంగమే వేరు రక్షణ మిచ్చినది. 350ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతి కల్పింపవలె నని చెప్పుచున్నది. 1949లో విద్యామంత్రుల సమావేశము, బడిలో 40 మంది గాని తరగతిలో 10 మంది గాని ఆ భాషా విద్యార్థు లున్నచో ఉపాధ్యాయుని నియమింపవలె నని తీర్మానించెను. పొరుగు రాష్ట్రమున శిక్షణ పొంది ఇచటికి వచ్చిన మావంటి ఉపాధ్యాయులకు ఈ పదిమంది లెక్క ఎంత విలువైనదో తెలియును. పదవ పిల్లవాడు బడి మానినచో తొమ్మండుగురి హక్కు సడలును.

తల్లిదండ్రులకు మా మనవి మూడు మాటలు. జనాభా లెక్కలకు వచ్చినవారికి మాతృభాష తెలుగని వ్రాయింపుడు. పదునెనిమిది నిండిన బిడ్డల పేర్లను ఓటర్ల జాబితాలో, ఒక్క తావుననే, చేర్పింపుడు. సభ్యు డే పక్షమువాడైనను, ఏ భాషవాడైనను, బడి అవసరములను వ్రాతమూలకముగా ఆయనకు తెలుపుడు. స్థానముల సంఖ్యను 2026 తరువాతి మొదటి జనాభా లెక్కలవరకు 84వ సవరణ (2001) స్థిరపరచెను. ఆ పిమ్మట గీత మరల కదలవచ్చును. అప్పటికి నేటి మా విద్యార్థులలో పలువురు ఓటర్లగుదురు. ముసాయిదా చదివి, పటము విప్పి, లేచి మాటాడగల వారు వారిలో పదుగు రున్నను చాలును.

అభ్యాసము

1. జిల్లాకును నియోజకవర్గమునకును గల భేదమేమి?
2. 1952, 1957, 1962 ఎన్నికలలో చాందా ఏయే రాష్ట్రముల నుండెను?
3. చంద్రపూర్ నియోజకవర్గములోని ఆరు శాసనసభ స్థానములను పటమున గుర్తింపుము.
4. మీ యింటిలోని ఓటర్ల పేర్లు జాబితాలో సరిగ నున్నవేమో పెద్దలతో కలిసి చూడుము.