‘రవి లవ్స్ హర్ సిస్టర్’ అని పిల్లాడు రాస్తే

చాలా ఇళ్ళలో వెంటనే వినిపించే మాట, ‘రవి మగపిల్లాడు కదరా, హర్ ఏమిటి?’ అని. ఆ సంగతి వాడికీ తెలుసు. చెల్లెలు ఆడపిల్ల కదా అని హర్ రాశాడు. తెలుగులో రవికైనా రాణికైనా ‘తన చెల్లెలు’ అంటే సరిపోతుంది. ఆ ‘తన’లో ఆడా మగా తేడా లేదు. ఇంగ్లీషులో మాత్రం చెల్లెలు ఎవరికి చెల్లెలో చూసుకుని హిజ్, హర్‌లలో ఒకటి ఎంచుకోవాలి. కోప్పడకుండా ‘ఎవరి చెల్లెలు?’ అని అడిగి చూడండి. ‘రవి చెల్లెలు’ అంటూనే వాడే దిద్దుకుంటాడు.

సర్వనామాల దగ్గర మన పిల్లలు చేసే తప్పుల్లో చాలావాటికి మూలం తెలుగులోనే ఉంటుంది. అది బుద్ధిమాంద్యమూ కాదు, అశ్రద్ధా కాదు. ‘అవర్ సార్ కేమ్, దే గేవ్ హోమ్‌వర్క్’ అన్న పాపనే తీసుకోండి. సార్ వచ్చారు, ఇచ్చారు అనాలని నేర్పింది మనమే. ఆ మర్యాదకు ముందు మెచ్చుకోండి. తర్వాత, ఇంగ్లీషులో తాతగారైనా తమ్ముడైనా హీ అనే అంటారనీ, అలా అంటే తాతగారిని తక్కువ చేసినట్టు కాదనీ నెమ్మదిగా చెప్పండి. కొందరు పిల్లలకు పెద్దవాళ్ళను హీ అనడానికి నిజంగానే మనసొప్పదు. ఆ సంకోచాన్ని తేలిగ్గా తీసేయకండి.

ఇంకొకటి, కర్తను వదిలేయడం. ‘వచ్చాను’ అంటే ‘నేను’ వేరుగా చెప్పనక్కర్లేదు, క్రియే చెప్పేస్తుంది. ఇంగ్లీషులో ఉత్త ‘కేమ్’ అంటే వచ్చిందెవరో తెలియదు. అందుకే ఐ, హీ, షీ తప్పనిసరి. ‘ఇట్ ఈజ్ రెయినింగ్’లో ఇట్ అంటే ఏమిటని మీ అమ్మాయి అడిగితే సంతోషించండి, అది మంచి ప్రశ్న. ఆ ఇట్ ఏ వస్తువునూ చెప్పదు. అక్కడ కర్త చోటు ఖాళీగా ఉంచకూడదు కాబట్టి ఆ మాట పెడతారు. మనకు ‘వాన పడుతోంది’ అంటే చాలు.

మనం, మేము రెంటికీ ఇంగ్లీషులో వి ఒక్కటే. ఇది చెబితే పిల్లలు సరదాపడతారు. తమ భాషలో ఎక్కువ వివరం ఉందని తెలిస్తే, ఇంగ్లీషంటే ఉన్న బెరుకు కాస్త తగ్గుతుంది.

ఐ, మీ, మై, మైన్ పట్టికను బట్టీ వేయించడం పూర్తిగా మానమనను. కానీ దానికంటే ఫోన్‌లో పెళ్ళి ఫొటోలు తెరిచి కబుర్లు చెప్పించడం మేలు. మధ్యలో తప్పు దొర్లితే ఆపేయకండి. మీ జవాబులో ఆ వాక్యాన్నే సరిగా పలికి ముందుకు సాగండి. చుట్టాల ముందు మాత్రం అసలు దిద్దవద్దు.

మీకు ఇంగ్లీషు అంతగా రాకపోయినా ఫరవాలేదు. బాబాయి ఫొటో చూపించి తెలుగులోనే అడగండి. ఎవరు నవ్వుతున్నారు అంటే హీ. ఎవరి చొక్కా అంటే హిజ్. అత్తయ్య ఎవరిని పిలుస్తోంది అంటే హిమ్. తర్వాత అత్తయ్య ఫొటో తెరిచి అలాంటి ప్రశ్నలే వేయండి.